బట్టలబండ పక్కన నీలిపూలు

ఆ పువ్వు పేరు సందులో ఎవరికీ తెలియదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం రుద్రమ్మకు తెలుసు. తెలిసీ నోరు కుట్టేసుకుని కూర్చుంది.

అమీర్‌పేటలో వజ్రమ్మగారి ఇంటి వెనక రెండు వాటాలు. ఒకదానిలో రుద్రమ్మ, ఆమె భర్త సాయిలు, ఏడాదిన్నర కూతురు స్వరూప. రెండోదానిలో ఇమామ్ బీ ఒక్కతే. రెండు వాటాలకూ నడుమ ఒక నల్లా, దాని కింద బట్టలు ఉతికే బండ, బండ మీది నీళ్ళు పారేచోట ఇంత తడి నేల. చలికాలం నడిమధ్యలో ఆ తడి నేలలో సన్నటి మొక్కలు గుంపుగా లేచాయి. దారాల్లాంటి కాడలు, వాటికి అంటీ అంటనట్టు చిన్న చిన్న కోల ఆకులు. మాఘం వచ్చేసరికి పూశాయి. తెల్లచీరకు నీలిమందు ఒక చుక్క ఎక్కువైతే ఏ రంగు వస్తుందో ఆ రంగు.

ఇంటి ముందు క్రోటన్లు, చామంతులు పెంచే వజ్రమ్మగారు పనిగట్టుకుని వెనక్కి వచ్చి చూసింది. కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆవిడ మాట మారలేదు.

"ఏంటమ్మా రుద్రమ్మా ఇది? నువ్వు వేశావా?"

"లేదమ్మా. దానంతల అదే మొలిసింది."

"దానంతటదే మొలిచింది ఇలా ఒక్కచోటే గుత్తుగా మొలుస్తుందా? ఎవరో గుప్పిటితో పారబోసినట్టుంది."

రుద్రమ్మ గిన్నె తోముతూ తల ఎత్తలేదు. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

వజ్రమ్మగారు ఆలోచించి అది విష్ణుక్రాంతమని తేల్చింది. పూలు కోసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టింది. మధ్యాహ్నానికల్లా రేకులన్నీ రాలిపోయి దేవుడి నెత్తిన ఒట్టి తొడిమలు మిగిలాయి. "ఇదేం పువ్వే తల్లీ, గవర్నమెంటు ఆఫీసులా పూటకే మూసేస్తోంది," అని నవ్వుతూ తిరిగొచ్చింది. "విష్ణుక్రాంతం నేలకు పాకుతుంది కదా, ఇది నిలబడుతోంది. ఏదో ఇంగ్లీషు పువ్వయ్యుంటుంది. శ్రీనగర్ కాలనీలో మా ఆడపడుచు కుండీల్లో ఇలాంటివే ఏవో పెంచుతుంది. పేరు కనుక్కుంటా. అందాకా పీకకు."

"గడ్డే గదా. పీకెయ్యరాదూ?" అన్నాడు సాయిలు. పంజాగుట్టలో కార్ల డెంటింగు షాపులో పనిచేసే మనిషికి ఏ మొక్కయినా గడ్డే.

రుద్రమ్మకు చెయ్యి రాలేదు. పీకితే ఏమవుతుందోనని ఒక భయం. ఉంచితే ఏమవుతుందోనని ఇంకో భయం. భయాలు ఆమెకు కొత్త కాదు. స్వరూప నిద్రపోతున్నప్పుడు ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునే మనిషి. దగ్గితే భయం, దగ్గకుండా ఉన్నా భయమే. ఐదో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడని, వాణ్ణి ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలని తల్లి బడి మానిపించింది. అప్పటి నుంచీ లోకంలో అందరికీ తెలిసినదేదో తనకు మాత్రమే తెలియదన్న గుబులు ఆమెను వదల్లేదు.

ఈ మొక్కలు లేవకముందు, కార్తీకంలో స్వరూపకు దగ్గు పట్టుకుంది. పిల్ల ఎద గురగురలాడేది. ఆ నెలలోనే పాతబస్తీలో గడబిడ జరిగి, కర్ఫ్యూ పెట్టారని రేడియో చెబుతుండేది. "ఎవరేమిచ్చినా పిల్లకు పెట్టకు," అని సాయిలు ఒక రోజు అన్నాడు. ఎవరి గురించి అన్నాడో ఆయనా చెప్పలేదు, ఈమె అడగలేదు.

మర్నాడే ఇమామ్ బీ పొట్లం పట్టుకుని గడపలోకి వచ్చింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇవి మెత్తగ నూరి, నీళ్ళల్ల ఉడకబెట్టి, బట్టల ఏసి పిల్ల ఎదకు పట్టెయ్యి. జర గోరువెచ్చగ ఉన్నప్పుడే ఎయ్యాలె. కఫం కరిగిపోతది. నా దిల్షాద్‌ను గట్లనే బతికిచ్చుకున్న."

గింజల పేరు కూడా చెప్పింది. రుద్రమ్మ చెవికి ఎక్కలేదు. ఆమె కళ్ళు పొట్లం మీది రాతల మీదే ఉన్నాయి. కుడి నుంచి ఎడమకు, కొక్కేల్లా వంకర్లు తిరిగిన ఉర్దూ రాతలు. ఆమె చిన్నప్పుడు ఊళ్ళో దర్గా దగ్గర తాయెత్తులో చుట్టిచ్చిన కాగితం మీదా ఇట్లాంటి రాతే ఉండేది. మంచికి కట్టేదీ ఆ రాతే, చెడుకు కట్టేదీ ఆ రాతేనని అప్పుడెవరో అన్నారు. ఇది దేనికి రాసిందో ఎవర్ని అడగాలి?

ఇమామ్ బీ అటు వెళ్ళగానే విప్పి చూసింది. నున్నగా మెరిసే గోధుమరంగు గింజలు. నల్లగొండ దిక్కు ఆముదాలూ జొన్నలూ తప్ప ఎరగని ఆమెకు అవి ఏమిటో అర్థం కాలేదు. గింజల్ని బండ పక్క బురదలోకి వంచేసింది. కాగితాన్ని తొక్కడానికి భయమేసి గోడ అవతలికి విసిరేసింది.

ఆ తర్వాత డాక్టరు ఇచ్చిన సిరప్పుతో దగ్గు తగ్గింది. ఇమామ్ బీ నల్లా దగ్గర అడిగింది. "పట్టేసినవా బిడ్డా?"

"ఏసిన పెద్దమ్మా. మంచిగ తగ్గింది."

అక్కడితో పోయేదే. కానీ ఇమామ్ బీ ముఖం దీపం పెట్టినట్టయింది. కిరాణా హాషం దగ్గర, పాలు పోసేవాళ్ళ దగ్గర, ముందింటి వజ్రమ్మగారి దగ్గర చెప్పుకుంది. "మా రుద్రమ్మ బిడ్డకు పట్టు ఏయిస్తే దగ్గు ఉరికింది." సందులో ఎవరి పిల్ల తుమ్మినా ఇమామ్ బీ దగ్గరికి పొమ్మనేవారు. ఆమె అలా చెప్పుకున్నప్పుడల్లా రుద్రమ్మ నేల చూపులు చూసేది. ఇంత చిన్న అబద్ధం ఇట్లా కాళ్ళొచ్చి వీధంతా తిరుగుతుందని ఆమె అనుకోలేదు.

మొక్కలు వేలెడంత ఉండగానే కూతురు దిల్షాద్ కాన్పని ఇమామ్ బీ జహీరాబాద్ వెళ్ళింది. రుద్రమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆమె వచ్చేలోపు అవే పూసి, కాసి, ఎండిపోతాయి. అప్పుడు ఊడ్చేస్తే సరి.

ఎండలేదు. కింద కాయలు కాస్తూ, పైన పూస్తూనే ఉన్నాయి. శనగగింజంత గుండ్రటి కాయలు.

ఇమామ్ బీ తిరిగొచ్చిన పొద్దునే అది జరిగింది. ఆమె తన గడపలో మూట దించి ఇంకా తాళం తీస్తోంది. రుద్రమ్మ స్టవ్వు వెలిగించడానికి ఒక్కసారి అటు తిరిగి, ఇటు తిరిగేసరికి స్వరూప బండ పక్కన కూర్చుని ఉంది. మూతి చుట్టూ పచ్చటి నురగ. పిడికిట్లో నలిగిన కాయలు. చూస్తుండగానే పిల్ల భళ్ళున కక్కుకుంది.

రుద్రమ్మ పెట్టిన కేకకు వజ్రమ్మగారు ముందు నుంచీ, ఇమామ్ బీ పక్క నుంచీ పరుగెత్తుకొచ్చారు. ఇమామ్ బీ వచ్చీ రాగానే పిల్లను ఎత్తుకుని నోట్లో వేలు పెట్టి గీకి తీసింది.

"నడువ్. పంజాగుట్ట దవాఖానకు పోదాం. ఆటో పిలువ్."

"ఆ మొక్క ఒకటి పీక్కుపో రుద్రమ్మా, ఏం తిన్నదో డాక్టరు అడుగుతాడు," అంది వజ్రమ్మగారు.

రుద్రమ్మ ఒక మొక్కను వేళ్ళతో సహా లాగింది. ఇమామ్ బీ అప్పటికే సందు చివరికి నడుస్తోంది. ఆ వెనక పరుగెత్తుతూ రుద్రమ్మ మొక్కను కొంగులో చుట్టేసింది. ఎందుకు చుట్టిందో చుట్టేటప్పుడే తెలుసు.

ఆటోలో ఇమామ్ బీ ఒళ్ళోనే పిల్ల. పంజాగుట్ట చౌరస్తా దగ్గర బస్సుల వెనక ఇరుక్కుని ఆటో కదల్లేదు.

"ఏం తిన్నది?" అంది ఇమామ్ బీ.

"ఏమో పెద్దమ్మా. ఏందో గడ్డి."

స్వరూప మళ్ళీ వాంతి చేసుకుంది. ఇమామ్ బీ తన కొంగుతోనే మూతి తుడిచి, పిల్ల ఎద మీద అరచేత్తో మెల్లగా రాయసాగింది.

"ఏంగాదు. నా పట్టుతోని గట్టిపడ్డ ఎద ఇది. దీనికేంగాదు."

కొంగులో మొక్క పచ్చి వాసన కొడుతోంది. రుద్రమ్మ దాన్ని ఇంకా గట్టిగా నలిపి పట్టుకుంది. అప్పుడు కింద చూసింది. ఇమామ్ బీ కాళ్ళకు చెప్పులు లేవు. బజారుకు కూడా బురఖా లేకుండా గడప దాటని మనిషి, తలమీద కొంగు మాత్రం వేసుకుని, పంజాగుట్ట నడి చౌరస్తాలో అందరి మధ్యా కూర్చుని ఉంది.

పిల్లల డాక్టరమ్మ గదిలోకి తల్లినొక్కదాన్నే రానిచ్చారు. ఇమామ్ బీ బయట బల్ల మీద కూర్చుంది. డాక్టరమ్మ పిల్ల కళ్ళు, నాలుక, పొట్ట చూసింది.

"ఏం తిన్నది? తెచ్చారా?"

రుద్రమ్మ కొంగు విప్పింది. నీలి రేకులు ఒక్కటీ లేవు. కొన్ని దారిలో రాలాయి, కొన్ని నలిగి కొంగుకు మరకలయ్యాయి. ఒట్టి కాడలు, గుండ్రటి కాయలు మిగిలాయి.

"నీలం పువ్వు పూస్తదమ్మా."

"పువ్వేది?"

"రాలిపోయినయ్."

"పేరేంటి?"

"తెల్వదమ్మా."

"ఎవరు వేశారు? విత్తనాలు ఎక్కడివి?"

"తెల్వదు," అంది రుద్రమ్మ. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"పచ్చి గింజలు కొన్ని చాలా చెడ్డవమ్మా. ఏదో తెలియకుండా వదిలెయ్యలేం. గొట్టం వేసి పొట్ట కడగాలి," అంది డాక్టరమ్మ. నర్సుతో, "నువ్వు కాళ్ళు పట్టుకో," అంది.

నర్సు ఎర్రటి రబ్బరు గొట్టం తెచ్చింది. దాన్ని చూడగానే స్వరూప తల్లి మెడను రెండు చేతులా కరుచుకుంది. నర్సు ఆ చేతులు ఒక్కొక్కటే విడదీస్తోంది. రుద్రమ్మ కూడా విడదీస్తోంది. గొట్టం పిల్ల పెదవుల దాకా వచ్చింది. గోడ అవతల బల్ల మీద ఆ గింజల పేరు తెలిసిన మనిషి కూర్చుని ఉంది. ఆమె ముందు తన ముఖం చెల్లకుండా పోతుందని, కన్నబిడ్డ గొంతులోకి గొట్టం దింపనిస్తోంది తను. ఆ సంగతి ఆమెకు ఎవరో చెంప మీద కొట్టి చెప్పినట్టు తెలిసింది.

"జర ఆగుండ్రమ్మా," అంది. "బయట తెలిసిన మనిషి ఉంది."

మొక్కను పట్టుకుని బయటికి పరుగెత్తింది. ఇమామ్ బీ ముందు చేయి చాపింది.

"లోపల ఏమన్నరు బిడ్డా?"

"ఇది ఏందో జర చూడు పెద్దమ్మా. ఇదే తిన్నది."

ఇమామ్ బీ మొక్కను తీసుకుని కిటికీ వెలుగులో పట్టింది. ఒక పచ్చి కాయను గోటితో చిదిమింది. తృప్తి కాలేదు. అడుగున ఎండిన కాయ ఒకటి వెతికి, చిట్లించి, గింజల్ని అరచేతిలో పోసుకుంది. ఒక గింజను నాలుక మీద తడిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసింది. వేళ్ళు జారాయి. జిగురు దారంలా సాగింది.

"అల్సి," అంది. ముఖమంతా విప్పారింది. "అరే, అల్సి గిది. భయపడి సచ్చిన గదనే. మా జహీరాబాద్ దిక్కు చేన్లకు చేన్లే ఉంటది. పొద్దుగాల్ల నీలంగ పూస్తది, పగటాలకు రాలుతది. పచ్చడి నూరుకుంటం, నూనె తీస్తం. గిది అమీర్‌పేటకెట్ల వచ్చింది?"

జవాబు కోసం ఆగకుండా లోపలికి నడిచింది. రుద్రమ్మ వెనకే వెళ్ళింది. ఆగలేదు కాబట్టి బతికిపోయానని ఒక్క క్షణం అనుకుంది కూడా. అలా అనుకున్నందుకు తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

డాక్టరమ్మ గింజను తడిపి తనూ చూసింది. తల ఊపింది. గొట్టం పక్కన పెట్టించింది.

"అల్సే, అవిసె గింజలు. ఎండినవైతే ఏమీ కాదు. పచ్చి కాయలు ఎక్కువ తింటే ప్రమాదమే. ఇది తిన్నదంతా కక్కేసినట్టుంది. కాసేపు ఇక్కడే ఉంచండి, చూస్తాను. కానీ విత్తనాలెక్కడివి? పొలంలో వేయడానికి పురుగుమందు పట్టించినవా? మొక్కల మీద ఏమన్నా చల్లారా? సరిగ్గా చెప్పండి."

ఇమామ్ బీ రుద్రమ్మ వైపు చూసింది, ఈమెకేం తెలుసులే అన్నట్టు.

"మందు పెట్టినవి గావమ్మా," అంది రుద్రమ్మ. "తినేటివే. ఈ పెద్దమ్మనే ఇచ్చింది. పిల్లకు దగ్గొచ్చినప్పుడు, ఎదకు పట్టెయ్యమని ఇచ్చింది."

"వేస్తే మరి మొలకెత్తడమేంటి?" అంది డాక్టరమ్మ.

"ఎయ్యలేదు. పారేసిన."

డాక్టరమ్మకు అది పెద్ద విషయం కాలేదు. ఆమెకు కావలసింది దొరికింది. చీటీ రాయడానికి అటు తిరిగింది. ఇమామ్ బీ అరచేతిలో గింజలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని ఒకసారి చూసుకుంది. తర్వాత వేళ్ళు ముడిచింది.

బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. స్వరూప తల్లి ఒళ్ళో మగతగా పడుకుంది. రుద్రమ్మ అలవాటుగా ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఇద్దరి మధ్యా ఒక మనిషి కూర్చునేంత జాగా ఉంది. వచ్చే పోయే తల్లులు అందులో కూర్చోబోయి, ఈ ఇద్దరి ముఖాలూ చూసి పక్కకు పోయారు.

"ఎందుకు పారేసినవ్?" అంది ఇమామ్ బీ. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది రుద్రమ్మకు.

"కాగితం చూసి భయపడ్డ."

"ఏం కాగితం?"

"పొట్లం కట్టిన కాగితం. దాని మీద రాసి ఉండె. ఏందో మంత్రించినవనుకున్న."

ఇమామ్ బీ నుదురు ముడిచి గుర్తు తెచ్చుకుంది.

"హాషం దుకాణంల పప్పు కట్టిన కాగితం గది. పాత పేపర్. నీ ఇంట్ల చింతపండు సుత గదే కాగితంల వస్తది. దాన్నెందుకు పారెయ్యలేదు?"

నిజమే. చింతపండూ మిరియాలూ పసుపూ ఆ రాతల్లోనే కట్టుకొచ్చి, ఆ కాగితాలనే డబ్బాల కింద పరుచుకుంది. ఏ రోజూ భయపడలేదు. భయం రాతది కాదు.

"అయినా గండ్ల ఏం రాసుండెనో నన్నడిగితే నేనేం చెప్తుంటి?" అంది ఇమామ్ బీ, తనలో తను అనుకున్నట్టు. "నాకు సుత గది చదువ రాదు."

రుద్రమ్మకు కళ్ళు మండాయి. ఏడవడానికి కూడా మొహమాటపడింది. ఏడిస్తే ఇమామ్ బీ ఓదారుస్తుంది. ఓదార్పించుకునే ముఖం తనకు లేదు.

పిల్లను ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆటోలో ఇమామ్ బీ పిల్లను అడగలేదు, రుద్రమ్మ ఇవ్వలేదు. స్వరూప మాత్రం లేచి, ఆ పక్కకు చేతులు చాపి, ఇమామ్ బీ ఒళ్ళోకి తనంతట తనే పాకింది. ఇమామ్ బీ పట్టుకుంది. కానీ ఎద మీద చెయ్యి రాయలేదు.

సందులో వజ్రమ్మగారు గేటు దగ్గరే నిలబడి ఉంది. పక్కన పాలామె, ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు.

"అమ్మయ్య. పిల్ల బానే ఉందా? ఏ మొక్కన్నారు?"

"అల్సి అమ్మా," అంది ఇమామ్ బీ, పిల్లను తల్లికి అందిస్తూ.

"అదేంటి, అల్సి అంటే నువ్వు రుద్రమ్మకిచ్చానని చెప్పిన మందే కదూ? మరి ఇక్కడెవరు వేశారు?"

"రుద్రమ్మను అడుగుండ్రి," అంది ఇమామ్ బీ. వట్టి కాళ్ళతో వాళ్ళ మధ్య నుంచి నడిచి తన గడప వైపు వెళ్ళింది.

అందరూ రుద్రమ్మ వైపు తిరిగారు. గాలికి వచ్చాయనవచ్చు. మిగిలినవి చల్లాననవచ్చు. నోటి దాకా వచ్చిన ఆ రెండో మాట మీద ఆమెకే అసహ్యమేసింది.

"పెద్దమ్మ మందుకిచ్చింది. నేను పట్టెయ్యలేదు. బురదల పారేసిన. ఏసిన అని అబద్ధం చెప్పిన."

"అదేం పనమ్మా," అంది వజ్రమ్మగారు. "తగ్గిందని ఆవిడ ఊరంతా చెప్పుకుంటే వింటూ ఊరుకున్నావా?"

పాలామె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో జాలో రుద్రమ్మ చూడలేదు. ఆమె ఇమామ్ బీ వీపునే చూస్తోంది. గొళ్ళెం మీద ఇమామ్ బీ చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

ఆ రాత్రి సాయిలు మొక్కలన్నీ పీకేస్తానని లేచాడు. రుద్రమ్మ పీకనివ్వలేదు. చీపురుపుల్లలూ పాత గోనెసంచీ తెచ్చి, పిల్ల పోకుండా చుట్టూ దడి మాత్రం కట్టించింది.

తెల్లవారి నల్లా వచ్చే వేళకు దడి లోపల పూలన్నీ విప్పుకుని ఉన్నాయి. నిన్న ఏమీ జరగనట్టే, అంతే నీలం. రుద్రమ్మ బట్టలు నానబెట్టి, చెయ్యి ఆడక కూర్చుంది. ఇమామ్ బీ తలుపు తీసుకుని బిందెతో వచ్చింది. నల్లా కింద బిందె పెట్టింది. బిందె నిండుతోంది.

"పెద్దమ్మా," అంది రుద్రమ్మ.

ఇమామ్ బీ దడి మీదుగా వంగి మొక్కల్ని చూసింది. ఒక కాయను వేలితో తట్టి, చెవి ఒగ్గి విన్నది.

"శానామటుకు ఇంక పచ్చిగనే ఉన్నయ్. కాయ గలగలమన్నంక కోయాలె. ఇప్పుడు కోస్తే దేనికీ రావు."

"సరే పెద్దమ్మా. నూరుడెట్లనో అప్పుడు జర చెప్తవా?"

ఇమామ్ బీ బిందెను నడుముకెత్తుకుంది. "మల్ల దగ్గొచ్చినప్పుడు సూద్దాం," అంది.

మాట మామూలుగానే ఉంది. ఆ మాట చివర ఎప్పుడూ ఉండేది ఒకటి లేదు. పొయ్యి వెలిగిందా బిడ్డా, నీళ్ళు పట్టుకో బిడ్డా, పిల్ల లేచిందా బిడ్డా... ఇన్నాళ్ళూ ఆ పిలుపు ఎన్నిసార్లు విన్నదో, విన్నట్టు కూడా తెలియకుండా విన్నది. తడి అడుగులు వేసుకుంటూ ఇమామ్ బీ లోపలికి వెళ్ళిపోయింది. రుద్రమ్మ బండ మీద బట్టను అలాగే పట్టుకుని, తలుపు దగ్గర ఆ మాట ఇప్పుడైనా వస్తుందేమోనని వింటూ కూర్చుంది. ఎండెక్కాక నీలి రేకులు ఒక్కొక్కటే సబ్బునీళ్ళలోకి రాలసాగాయి.